నేను తుడిచేసిన మచ్చ

ఒక అబద్ధం చెప్పాను. చిన్నదే. నోట్లోంచి రావడానికి క్షణం కూడా పట్టలేదు. దాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. మోస్తున్నానంటే కుమిలిపోతూ తిరిగాననుకునేరు, అదేం లేదు. వేళకు తిన్నాను, పడుకోగానే నిద్రపోయాను, చేతి నిండా పని తెచ్చుకున్నాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే అదే నమ్మలేకపోతున్నాను. ఒక మనిషి బతుకు మీద బండ పెట్టి వచ్చిన దాన్ని ఇంత మామూలుగా ఎలా ఉండగలిగాను? మీరెవరో నాకు తెలీదు. తెలీదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందైతే ఇప్పటికీ ఏదో ఒక సాకు వెతుక్కునేదాన్ని.

నేను తిరుపతిలో గ్రాఫిక్ డిజైనర్ని. పేరు అడక్కండి. ఇందులో ఉన్న పేర్లు కూడా మార్చినవే. చిత్తూరు మామిడి గుజ్జు డబ్బాలకు లేబుళ్లు, లాడ్జీలకు లోగోలు, కోచింగ్ సెంటర్లకు ర్యాంకుల పోస్టర్లు, నగల కొట్లకు ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకో పోస్టు. ఏ పనైనా చివరికి ముఖాల దగ్గరికే వస్తుంది. "మేడం, కొంచెం కలర్ రానీండి" అనని మనిషిని నేను చూడలేదు. పెళ్లికూతుర్లు అడిగారు, కార్పొరేటరుగా నిలబడ్డాయన అడిగాడు. ఒకాయనైతే వాళ్ల నాయన దినాలకు ఫ్లెక్సీ వేయించుకోవడానికి వచ్చి, పోయిన నాయన్ని రెండు వన్నెలు తెల్లగా చేయించుకుని సంతోషంగా వెళ్లాడు.

అడిగించుకుని అడిగించుకుని చివరికి అడక్కముందే చేసేయడం అలవాటైంది. తెలుపు పెంచడం, చర్మం నునుపు చేయడం, కళ్ల కింద నలుపు తీసేయడం, వీటన్నిటినీ కలిపి కీబోర్డులో ఒక మీటకు కట్టేసి పెట్టుకున్నాను. ఫొటో తెరవగానే నా వేలు ఆ మీట మీదికి పోతుంది. మిగిలిన మచ్చలూ మొటిమలూ ఉంటే మౌసుతో తుడిచేస్తాను. మనం బండి ఎక్కగానే కాలు దానంతటదే స్టాండు తీస్తుంది చూడండి, అలా. ఆ పని చేశానని కూడా నాకు గుర్తుండదు.

వళ్లి నగరిలో మగ్గాల ఇంటి కోడలు. పుట్టిల్లు పూతలపట్టు. వాళ్ల ఇంట్లో నేసిన నూలు చీరలు ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మాలని ఒక పేజీ మొదలుపెట్టి, ఎవరో చెబితే నా దగ్గరికి వచ్చింది. లోగో గీసిచ్చాను, రంగులు ఎంచాను, పోస్టులు ఎలా పెట్టాలో నేర్పాను. మొదటిరోజు మేడం అంది, రెండోసారికే అక్కా అంది. సంచుల నిండా చీరలు వేసుకుని బస్సులో వచ్చేది. నా గది నేల మీద వాటిని పరిచి, ఏ చీర ఎవరు నేశారో, ఎవరు నేస్తూ ఎవర్ని తిట్టుకున్నారో చెబుతూ కూర్చునేది. నాకు పని ఆగిపోయినా ఆ కబుర్లు ఇష్టంగానే ఉండేవి.

మోడళ్లెందుకు, మీ అత్తనే నిలబెడదాం అన్నది నేనే. వాళ్ల అత్త కుప్పమ్మ నల్లటి మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. ఎడమ చెంప మీద చెవి దాకా కాలిన మచ్చ. చిన్నప్పుడు నూలుకు పెట్టే గంజి మరుగుతూ మీద పడిందట. మిద్దె మీద ఎండ తగ్గాక ఆమెకు వాళ్ల చీరే కట్టించి ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి మామూలుగానే మీట నొక్కి, మచ్చ తుడిచి, పేజీలో పెట్టాను. అది చూసి కుప్పమ్మ అడిగిన మాట ఇది: "ఎవురు పాపా ఈయమ్మ? నా చీర కట్టుకోనుండాది!" ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఆమె మాత్రం ఆ ఫొటోను వీధంతా తిప్పి చూపించుకుంది. ఆ పోస్టుతోనే వళ్లి పేజీ నలుగురికీ తెలిసింది.

తర్వాత కుప్పమ్మకు మతిమరుపు మొదలైంది. కూరలో రెండోసారి ఉప్పేయడం, పక్కింటికి పోయి ఇదే మా ఇల్లు అని కూర్చోవడం. వయసు అన్నారు డాక్టర్లు. అలాంటి రోజుల్లోనే ఒక ఎండాకాలం, కొడుకు, అంటే వళ్లి మొగుడు, దాము ఆమెను తిరుచానూరు అమ్మవారి దర్శనానికి తీసుకొచ్చాడు. వళ్లి గుడికి రాకూడని రోజులని ఇంటి దగ్గరే ఆగింది. దర్శనం అయ్యాక తల్లిని ఒక మెట్టు మీద కూర్చోబెట్టి చెప్పులు తేవడానికి పోయాడు. వచ్చేసరికి ఆమె లేదు.

వళ్లి నాకు ఫోన్ చేసింది. ఏడవడం లేదు, ఒక్కో మాటా విడివిడిగా పలుకుతోంది. ఆమె అన్న మాటలు నాకు ఈ రోజుకీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. "అక్కా, మా అత్త తప్పిపోయింది. నువ్వు మిద్ది మీద తీసిన ఫొటో ఉండాది గదా, అది పెట్టి పోస్టరు చేయక్కా. మన పేజీలో పెట్టినట్ల వద్దు. అత్త ఎట్లుంటే అట్లే పెట్టు."

సరే అన్నాను. సరేనని ఊరికే అనలేదు, నిజంగానే అసలు ఫొటో వెతికి తెరిచాను. ఇది మీరు నమ్మాలి. పేజీలో పెట్టింది పక్కనే ఉన్నా ముట్టలేదు. మచ్చతో, ముడతలతో, ఎండకు కమిలిన రంగుతో కుప్పమ్మ నా ఎదురుగా ఉంది. ఇంతలో కోచింగ్ సెంటరు నుంచి ఫోన్. ర్యాంకుల పోస్టరులో ఒక పిల్లాడి ఫొటో మారిపోయిందట, వాళ్ల నాయన వచ్చి గొడవ చేస్తున్నాడట. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, సర్ది చెబుతూ, చేతులు పని చేసుకుంటూ పోయాయి. వేలు మీట మీదికి పోయింది. మౌసు చెంప మీదికి పోయింది.

ఆ తర్వాత ఫోన్ పెట్టేసి, పైన ఎర్రగా 'కనబడుటలేదు' అని వేసి, కింద వివరాలు కొట్టాను. నలుపు రంగు, ఎడమ చెంపపై కాలిన మచ్చ. ఈ చేతులతోనే కొట్టాను. తెల్లటి, నున్నటి ముఖం కింద. కొట్టి, అక్షరాలు ఫొటోకు మరీ దగ్గరగా ఉన్నాయనిపించి కాస్త కిందికి జరిపాను. ఎరుపు కళ్లకు కొడుతోందని కొంచెం తగ్గించాను. అన్నీ చూశాను, మచ్చ లేకపోవడం ఒక్కటే చూడలేదు. కళ్లుండి గుడ్డిదాన్నయ్యానా, లేక నా కళ్లకు ఆ ముఖమే అసలు ముఖమైపోయిందా?

వాట్సాప్‌కి ఒక సైజు, ఇన్‌స్టాగ్రామ్‌కి ఒకటి, గోడలకు ప్రింటు. వళ్లికి పంపితే చూసిన మరుక్షణం అందరికీ పంపింది. దాము పంపాడు, నగరిలో మగ్గాలవాళ్లు పంపారు, నేను పనిచేసే కొట్లవాళ్లూ పంపారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. వాళ్లందరికీ పేజీలోని కుప్పమ్మ ముఖం అలవాటే కదా. నా పోస్టరు ఎంతమంది పంచుకున్నారో చూసుకుంటూ, ఛీ, ఇది రాయడానికే చేయి రావడం లేదు, చూసుకుంటూ నేను లోలోపల మురిసిపోయాను.

దాము పోలీసులకు చెప్పి, ఆమె ఏ బస్సో ఎక్కేసి ఉంటుందని బస్టాండ్లూ రైల్వే స్టేషన్లూ వెతుకుతూ తిరిగాడు. రోజులు గడిచాయి. చివరికి పోలీసులు దాముకు ఫోన్ చేశారు. వడదెబ్బతో పెద్దాసుపత్రికి తెచ్చిన ఒక ముసలావిడ చనిపోయింది, పేరు తెలీదు, వచ్చి చూడమన్నారు. ఊళ్లో తెలిసినదాన్నని నన్నూ రమ్మన్నాడు దాము. గుడ్డ తీసి చూపించారు. చెంప మీద మచ్చ చూసి దాము నేల మీద కూలబడిపోయాడు. నేను మచ్చ చూశాను. అప్పుడు కూడా నాకేమీ తట్టలేదు. ఆమెను తిరుచానూరులో ఫలానా లాడ్జి పక్క సందులోంచి తెచ్చారని ఆసుపత్రిలో చెప్పారు. అమ్మ ఇన్నిరోజులు ఎక్కడుందో చూడాలి మేడం అన్నాడు. నా బండి మీదే తీసుకెళ్లాను.

లాడ్జి గోడను ఆనుకుని ఒకామె పూలు అమ్ముకుంటోంది. ఆమె తల మీద, గోడకు, నా పోస్టరు. దాము దాన్ని చూపించి మా అమ్మ ఈడ ఉండిందా అని అడిగాడు. ఆమె పోస్టరు కేసి చూసి తల అడ్డంగా ఊపింది. ఈమెను చూడలేదు, ఈ బొమ్మ మాత్రం రోజూ చూస్తూనే ఉన్నానంది. మరి ఇక్కణ్ణుంచి ఆసుపత్రికి తీసుకుపోయింది ఎవర్ని అని నేను అడిగాను. అప్పుడు చెప్పింది.

"అది వేరే అవ్వమ్మా. రాసిండేది సదవను నాకు రాదు గానీ, బొమ్మలో మొకం తెలస్తాది గదా. నల్లంగా ఉండె, ఈ పక్క సెంపంతా కాలిపోయి ఉండె. యాడికీ పోకుండా నా కాడే కూసుండె పాపం. నేను తినేదాంట్లోనే రొంత పెడతా వచ్చినా. ఈ బొమ్మ సూపించి, ఈయమ్మను యాడైనా సూస్తివా అవ్వా అని ఆ అవ్వనే అడిగితిని. ఎవురో నాకు తెలీదు పాపా అనింది."

చుట్టూ యాత్రికులు పోతున్నారు, ఎవరో మల్లెపూలు బేరమాడుతున్నారు, నాకు ఏ చప్పుడూ చెవిలో పడలేదు. గోడ మీది ముఖం వైపు చూశాను. మొదటిసారి చూశాను. ఎవరీమె? ఈమెను ఎక్కణ్ణుంచి తెచ్చాను? ఒక తల్లిని వెతకమని అడిగితే, భూమ్మీద లేని ఒక మనిషిని తయారుచేసి ఊరంతా అంటించాను. అసలు మనిషి ఆ గోడ కిందే కూర్చుని ఎండకు మాడి చచ్చిపోయింది.

దాము గోడ దగ్గరికి పోయాడు. కాగితం మీద చెంపను వేలితో తడిమాడు. కింద రాసింది చదివాడు, మళ్లీ పైకి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మచ్చ యాడికి పోయింది మేడం?"

బండి తాళం కోసం అన్నట్టు సంచిలో చేయి పెట్టాను.

"వళ్లి తీసేయమనిందా?"

దారి ఆయనే చూపించాడు. నేను అందులోకి దూరిపోయాను. "అవును, బాగుండేట్టు చేయమనింది" అన్నాను.

అంతే. ఆ గొంతు నాదేనా అని నాకే దిమ్మతిరిగింది. మాట బయటికొచ్చాక దాన్ని పట్టుకుని వెనక్కి లాక్కోవచ్చు, కాదు దాము, నేనే చేశాను అనొచ్చు. ఆసుపత్రి దాకా బండి మీద నా వెనకే కూర్చున్నాడు, దారి పొడుగునా టైముంది. అనలేదు. బండి నడుపుతూ నేను ఆలోచించింది ఏమిటో తెలుసా? వళ్లి కాదంటే ఎవరి మాట నమ్ముతారు అని. నా మాటే నమ్ముతారని నాకు తెలుసు, ఎందుకంటే నాకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరూ అనుకోరు.

ఎందుకు చెప్పాను? భయం అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. పోలీసులొస్తారని, పేరు పోతుందని, ఈ ఊళ్లో ఇక ఎవరూ పని ఇవ్వరని. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. తల్లిని మెట్టు మీద వదిలేసి పోయిన దాము తన తప్పును ఎక్కడ దించుకోవాలా అని ఎదురుచూస్తున్నాడు, నేనూ నా తప్పు దించుకోవడానికి చోటు వెతుక్కుంటున్నాను, ఇద్దరికీ ఆ క్షణంలో అక్కడ లేని ఒకే మనిషి దొరికింది. వళ్లి అక్కడ ఉండి ఉంటే ఆ మాట నా నోట వచ్చేదా? రాదనే అనుకుంటున్నాను. అయినా నన్ను నేను ఎంతని నమ్మను?

ఆ సాయంత్రం నుంచి వళ్లి ఫోన్ చేస్తూనే ఉంది. నేను ఎత్తలేదు. తర్వాత విన్నవన్నీ వేరేవాళ్లు చెప్పినవే. నేను అట్లే పెట్టమన్నాను అని వళ్లి ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదట. నీ చీరల పిచ్చికి మా అమ్మను చంపేస్తివి అన్నాడట దాము. కర్మరోజున ఆమె వండింది ఎవరూ ముట్టలేదట. కొన్నాళ్లు ఆ ఇంట్లోనే, పలకరించే దిక్కులేకుండా ఉండి, చివరికి పూతలపట్టులో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. దాము మళ్లీ పెళ్లి చేసుకోలేదు, ఈమెను పిలుచుకోనూ లేదు. చీరల పేజీ ఆగిపోయింది.

ఇక్కడ ఇంకొకటి కూడా చెప్పాలి, చెప్పకపోతే ఇది సగం ఒప్పుకోలే అవుతుంది. నేను చేసిన మంచి డిజైన్లని కొత్తవాళ్లకు చూపించుకునే వాటిలో వళ్లి పేజీ ఇప్పటికీ ఉంది. ఆ లోగో చూసి నాకు పనిచ్చినవాళ్లున్నారు. చూపించినప్పుడల్లా నా గొంతు తడబడలేదు. ఆ రంగులు ఎందుకు ఎంచానో చక్కగా వివరించాను.

మొన్న దాము ఫోన్ చేశాడు. తెరమీద ఆ పేరు చూసి వెంటనే ఎత్తలేదు, రెండోసారి మోగాక ఎత్తాను. నగరిలో కొత్త ఇల్లు కట్టుకున్నాడట, హాల్లో అమ్మ ఫొటో పెద్దది పెట్టాలట. ఆ మచ్చలేనిదే కావాలి మేడం, అమ్మకు అదంటేనే ఇష్టం అన్నాడు. ఆ ఫొటో మీద ఆయనకు ఏ కోపమూ లేదు. దాన్ని చేసిన నా మీద లేదు. చెప్పులకని పోయిన తన మీద కూడా, వినడానికి, ఏమీ మిగిలినట్టు లేదు. కోపమంతా ఇన్నేళ్లూ ఒక్కదాని నెత్తినే ఉండిపోయింది, అదీ ఆమె చేయని పనికి. పంపిస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. చూశారా, అప్పుడు కూడా చెప్పలేదు.

అసలు ఫొటో తెరిచి చాలాసేపు దాని ముందు కూర్చున్నాను. మచ్చ మీద ఎండ పడి ఉంది. ఆ పక్క చెంప నవ్వినప్పుడు సరిగా సాగదు, అందుకే ఆమె నవ్వు ఒక వైపుకు ఒరిగి ఉంటుంది. ఆ ముఖం మీద అన్నిసార్లు పనిచేసినా ఆ సంగతి అప్పటిదాకా నా కంట పడలేదు. మర్నాడు పొద్దున దాముకు నేనే ఫోన్ చేశాను. వళ్లి తీసేయమనలేదు, అట్లే పెట్టమనింది, తుడిచింది నేను, మీకు అబద్ధం చెప్పాను అన్నాను. ఎలా మొదలుపెట్టాలా అని వెతుక్కోకుండా ఒక్క గుక్కలో అనేశాను. అవతల మగ్గాల చప్పుడు వినబడుతూ ఉంది. కాసేపటికి లైను కట్టయింది. మళ్లీ చేయలేదు, నేనూ చేయలేదు.

అదే రోజు చిత్తూరు బస్సెక్కి పూతలపట్టులో దిగాను. ఇల్లు అడుగుతూ పోయాను. వళ్లి వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవలేదు. బాగా చిక్కిపోయింది. కూర్చోమంటుందేమోనని ఒక్క క్షణం చూసి, నిలబడే చెప్పాను. మొత్తం చెప్పాను, కోచింగ్ సెంటరు ఫోన్ దగ్గర్నుంచి పూలామె మాటల దాకా. క్షమించమని అడగలేదు. అడగాలని ఎన్నోసార్లు అనుకుని పోయాను గానీ, ఆ ముఖం చూశాక నోరు రాలేదు. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో, కొట్టినా బాగుండుననుకున్నాను.

ఆమె చేతిలోని చింతపండు పక్కన పెట్టింది. తలెత్తింది.

"అయితే ఆ పొద్దు నేను అట్లే పెట్టమనే అన్నానా అక్కా?"

నాకు మొదట అర్థం కాలేదు. ఆమెకు తెలీకపోవడమేంటి, అన్నది ఆమే కదా.

"అందరూ నువ్వే సెప్పింటావు, నువ్వే సెప్పింటావు అంటా ఉంటే నాకూ అట్లే అయిపాయ. దిగుల్లో ఏమన్నానో ఏమో, పేజీలో మాదిరే పెట్టమనేసినానేమో, అత్తను నేనే సంపుకుంటినేమో అని."

నేను ఆమె కాపురం తీశాననుకుంటూ వచ్చాను. కాపురం ఒక్కటే కాదు. ఆమె నోట్లోని మాటను ఆమెకే కాకుండా చేశాను. ఇన్నేళ్లూ ఈ వాకిట్లో కూర్చుని, చేయని హత్యను తనే చేశానని నమ్ముతూ బతికింది. ఇది నేను ఊహించనే లేదు. నేను ఊహించుకున్న శిక్షల్లో ఇది ఎక్కడా లేదు.

అన్నావు అన్నాను. అత్త ఎట్లుంటే అట్లే పెట్టు అన్నావు, పేజీలో పెట్టినట్టు వద్దన్నావు, నాకు ప్రతి మాటా గుర్తుంది. ఆమె లోపలికి చూసి అమ్మను పిలిచింది. తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఈయక్క చెప్పేది విను అని తల్లితో అని, వళ్లి నా వైపు చూసింది. ఇంకా ఎవరెవరికి చెప్పాలో ఆమె ఇష్టం. ఎంతమంది ముందు నిలబెడితే అంతమందికీ చెబుతాను. గుండె మీది బరువు దిగిందా అంటే నాకు తెలీదు, ఊపిరి మాత్రం అందుతోంది. నన్ను క్షమించలేదు, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మళ్లీ చెప్పమంది. మొదటి నుంచి మళ్లీ చెప్పాను.